గంటకు 3,984 మిల్లీసెకన్లు: పెదవులకూ మాటకూ పొత్తు కుదరని ఒక కేసు

ఒకే వీడియో మీద రెండు ఫిర్యాదులు వచ్చాయి. ఒకరు "మాట ముందే వినబడుతోంది, పెదవులు తర్వాత కదులుతున్నాయి" అన్నారు. ఇంకొకరు దానికి సరిగ్గా తిరగేసి "పెదవులు కదిలి ఊరుకున్నాక మాట వస్తోంది" అన్నారు. ఇద్దరిలో ఎవరో ఒకరు పొరబడి ఉంటారు అనుకోవడం సులువు. ఇద్దరూ నిజమే చెబుతున్నారని తేల్చుకోవడానికి నాకు రోజున్నర పట్టింది.

పని ఇదీ: రికార్డు చేసిన 63 ఉపన్యాసాలు, ఒక్కొక్కటి దాదాపు గంట. బోర్డు మీద సుద్దముక్కతో రాస్తూ చెప్పిన పాఠాలు. రికార్డింగ్ యంత్రం పది నిమిషాలకో ముక్క చొప్పున రాసుకుంటూ పోయింది. వీడియో హెచ్.264 అనే కుదింపు పద్ధతిలో, ఆడియో సెకనుకు 48,000 శాంపిళ్ల (ధ్వని కొలతల) పీసీఎంలో, అంటే కుదించకుండా. తర్వాత ఎవరో ఒక స్క్రిప్టు రాసి, ఆడియో ముక్కల్ని ఏఏసీ అనే కుదించిన రూపంలోకి మార్చి, అన్నీ అతికించి, ఉపన్యాసానికో ఎంపీ4 తయారుచేశారు. ఆ స్క్రిప్టు రాసినాయన ఇప్పుడక్కడ లేరు, స్క్రిప్టు మాత్రం ఉంది. మొదట నా చేతికి అది కూడా రాలేదు. వచ్చినవి ఎంపీ4లు, "సింక్ సరిచేసి ఇవ్వండి" అన్న ఒక్క వాక్యం.

ఇలాంటి పని వచ్చినప్పుడు ముందుగా వైరున్న హెడ్‌ఫోన్ పెట్టుకుంటాను. వైర్‌లెస్ హెడ్‌ఫోన్ తన వంతు ఆలస్యాన్ని తాను కలుపుతుంది. కొన్ని ప్లేయర్లు దాన్ని సర్దుబాటు చేస్తాయి, కొన్ని చెయ్యవు. ఆ గొడవ పక్కన పెట్టకుండా మిల్లీసెకన్ల గురించి మాట్లాడటం దండగ. వైరు పెట్టి, రెండు వేర్వేరు ప్లేయర్లలో చూశాను. మొదటి నిమిషంలో మాట దాదాపు రెండు సెకన్లు ముందు. చివరి నిమిషంలో మాట దాదాపు రెండు సెకన్లు వెనక. మొదటి ఫిర్యాదు చేసినవారు పాఠం మొదలుపెట్టి విసిగి వదిలేసినవారు. రెండోది చేసినవారు చివర్లో ఇచ్చే లెక్కల కోసం నేరుగా చివరికి వెళ్లినవారు.

మరి ఇన్నాళ్లూ ఈ ఫైళ్లను ఎవరూ తనిఖీ చెయ్యలేదా? చేశారట. ఆ పని చూసేవారితో ఫోన్‌లో మాట్లాడాను.

"నేను ప్రతి ఫైలూ చూశానండీ. బాగానే ఉంది."

"ఎక్కడ పెట్టి చూశారండీ?"

"మధ్యలో. ఆ పట్టీ మీద సగానికి నొక్కి, అర నిమిషం విని, తర్వాతి దానికి వెళ్తాను."

మధ్యలో నిజంగానే బాగుంది. ముప్పయ్యో నిమిషం దగ్గర పెదవులూ మాటా అతికినట్టు ఉన్నాయి. ఇది యాదృచ్ఛికం కాదని తర్వాత తెలిసింది. స్క్రిప్టు తెప్పించుకుని చూస్తే చివర్లో ఒక వరుస ఉంది: వీడియోను రెండు సెకన్లు ఆలస్యంగా మొదలుపెట్టు. ఎవరో మునుపే తేడా గమనించి, మధ్యలో పెట్టి చూస్తూ, అక్కడ కుదిరేదాకా అంకె మార్చుకుంటూ పోయి, రెండు దగ్గర ఆగారన్నమాట. సరిచేసినవారూ తనిఖీ చేసినవారూ ఒకే చోట చూడటంతో తప్పు ఇద్దరి కళ్లనూ దాటిపోయింది.

ఆ రెండు సెకన్ల అతుకు తీసేసి, ఒక ఫైలు మీద కూర్చున్నాను. సరిగ్గా ఆరు ముక్కలున్న గంట ఉపన్యాసం అది. ఎఫ్ఎఫ్‌ప్రోబ్ అనే పనిముట్టుతో రెండు ట్రాకుల నిడివి అడిగాను. వీడియో 3596.400 సెకన్లు. ఆడియో 3600.384 సెకన్లు. తేడా 3,984 మిల్లీసెకన్లు. ఈ కేసంతా ఆ ఒక్క అంకెను విడగొట్టి చూడటమే.

అందులో పెద్ద ముక్క ఈ పని చేసేవారెవరికైనా మొహం చూడగానే గుర్తుపట్టేంత పాత నేరస్థుడు. గంటకు 3.6 సెకన్లంటే వెయ్యికి ఒకటి. సెకనుకు 29.97 ఫ్రేముల వీడియోను ఎవరో 30 అనుకున్నారు. అసలు రేటు 29.97 కూడా కాదు, 30,000ను 1001తో భాగిస్తే వచ్చేది. 1953లో అమెరికా రంగుల టీవీ ప్రమాణం స్థిరపడినప్పుడు, రంగును మోసే సంకేతం ధ్వనిని మోసే 4.5 మెగాహెర్ట్జ్ సంకేతంతో కలబడి తెర మీద చారలు పుట్టించకుండా, గీతల వేగాన్ని 4.5 మెగాహెర్ట్జ్‌లో 286వ వంతుగా పెట్టారు. ఒక్కో ఫ్రేముకు 525 గీతలు కాబట్టి ఫ్రేముల రేటు 30 నుంచి ఆ కాస్త కిందికి జారింది. ఆ గొట్టాల టీవీలు పోయాయి, చారలూ పోయాయి. 1001 మాత్రం ఇంకా మన డిజిటల్ ఫైళ్లలో కాపురం చేస్తోంది.

ఈ రికార్డింగ్ యంత్రం మెనూలో రేటు "30" అనే చూపిస్తుంది. స్క్రిప్టు రాసినాయన దాన్నే నమ్మారు. నమ్మితే తప్పేముంది అనిపించవచ్చు. అసలు ఆయన ఆ అంకెను చేత్తో రాయాల్సిన అవసరం ఎందుకొచ్చింది అన్నది నన్ను ఆపిన ప్రశ్న. ఎంపీ4లో ఉన్న వీడియోకి ప్రతి ఫ్రేము నిడివీ రాసే ఉంటుంది. మళ్లీ ఎవరూ చెప్పనక్కర్లేదు. స్క్రిప్టు పై వరుసల్లో జవాబు ఉంది. ముక్కలను అతికించడానికి ఆయన ఒక్కోదాన్నీ కంటైనర్లోంచి, అంటే బొమ్మనూ ధ్వనినీ పట్టి ఉంచే ఎంపీ4 లాంటి ఫైలులోంచి, బయటికి తీసి, బట్టలిప్పిన హెచ్.264 ప్రవాహంగా మార్చి, ఒకదాని వెనక ఒకటి బైట్లకు బైట్లు తోకముడి వేశారు. ముక్కలన్నీ ఒకే అమరికల్లో తీసినవి, ప్రతి ముక్కా సొంతంగా డీకోడ్ కాగల కీఫ్రేముతో మొదలవుతుంది కాబట్టి బొమ్మ ఎక్కడా చెదరలేదు. కానీ ఆ ప్రవాహంలో ఫ్రేములు వరుసగా ఉంటాయే తప్ప ఏ ఫ్రేము ఎప్పుడు చూపించాలో చెప్పే టైమ్‌స్టాంపులు ఉండవు. అవి కంటైనర్‌లో ఉండిపోయాయి. తిరిగి ఎంపీ4లో పెట్టేటప్పుడు "సెకనుకు ఎన్ని?" అని పనిముట్టు అడుగుతుంది. ఆయన 30 అన్నారు.

నిజానికి ప్రవాహం తలలో ఒక చోట రేటు జాడ ఉండవచ్చు. హెచ్.264 సీక్వెన్స్ హెడర్లో వీయూఐ అనే ఐచ్ఛిక భాగం ఉంటుంది. మా ఫైళ్లలో అది ఉంది: కాలమానం 60,000, ఒక్కో టిక్కుకు 1001. భాగిస్తే 59.94 వస్తుంది. ఇక్కడ ఇంకో గొయ్యి ఉంది. హెచ్.264లో ఈ టిక్కు ఫీల్డుకు, అంటే అర ఫ్రేముకు. రెండుతో భాగించాలి. అప్పుడు 29.97. ఈ సగం మరిచిపోయి 60 ఫ్రేముల వీడియో అని ప్రకటించిన నివేదికలు నేను చూశాను. ఒకటి నేనే రాశాను.

గంటలో 1,07,892 ఫ్రేములు. వాటిని 30తో భాగిస్తే సరిగ్గా 3596.4. పెద్ద ముక్క తేలిపోయింది. దీనికి వీడియోను మళ్లీ ఎన్‌కోడ్ చెయ్యాల్సిన పని లేదు. ఈ మాట నొక్కి చెబుతున్నాను, ఎందుకంటే "సింక్ పోయింది" అనగానే మొత్తం మళ్లీ ఎన్‌కోడ్ చేసి నాణ్యత పోగొట్టుకునేవారు చాలామంది. ఫ్రేముల్లో తప్పేమీ లేదు. కాలమానాన్ని 30,000 చేసి, ప్రతి ఫ్రేముకూ 1001 ఇచ్చి, మళ్లీ కంటైనర్లో పెడితే చాలు. ఒక్క పిక్సెలూ కదలదు. గంట వీడియోకు సెకన్ల పని. యంత్రం బేస్‌లైన్ ప్రొఫైల్ అనే హెచ్.264 సాదా రకంలో రాసింది కావడం మా అదృష్టం. అందులో బీ-ఫ్రేములు (తమ తర్వాత చూపించే ఫ్రేముల మీద కూడా ఆధారపడగలవి) ఉండవు, డీకోడ్ చేసే వరుసా చూపించే వరుసా ఒకటే. బీ-ఫ్రేములుంటే టైమ్‌స్టాంపులు పోయిన ప్రవాహానికి రెండు రకాల కాలాలు తిరిగి కట్టాల్సి వచ్చేది.

ఇక 384 మిల్లీసెకన్లు మిగిలాయి. ఇక్కడే నేను తప్పటడుగు వేశాను.

గంటకు 384 అంటే పది లక్షలకు 107 వంతులు. వేర్వేరు యంత్రాల్లో ఆడియో, వీడియో రికార్డు చేస్తే ఒక్కో యంత్రం స్ఫటిక గడియారం ఒక్కో వేగంతో నడుస్తుంది. పది లక్షలకు కొన్ని పదుల వంతుల తేడా మామూలు. 107 కొంచెం ఎక్కువే, అయినా ఏదో నాసిరకం గడియారం అనుకున్నాను. ఆడియోను ఆ నిష్పత్తిలో కాస్త కుదించి, వీడియోతో కలిపి చూశాను. మొదట్లో బాగుంది, మధ్యలో బాగుంది, చివర్లోనూ బాగుంది. ఈసారి మూడు చోట్ల చూశాననే గర్వం కూడా ఉంది.

పంపించేసేవాణ్ణే. కానీ హెడ్‌ఫోన్ ఇంకా చెవిలోనే ఉంది, ఫైలు నడుస్తోంది, నేను వేరే పని చూసుకుంటున్నాను. పాఠంలో "వేగం" అనే మాట వచ్చింది. "వే" దీర్ఘం మధ్యలో చిన్న గండి. రెప్పపాటు కూడా కాదు. ఎవరో గొంతు మీద ఒక్క క్షణం చెయ్యి అడ్డం పెట్టి తీసినట్టు. టైము చూస్తే సరిగ్గా ఇరవై నిమిషాలు. వెనక్కి వెళ్లి పదో నిమిషం విన్నాను. అక్కడ "కాబట్టి" అనే మాట. ట్టి దగ్గర పడింది గండి. ద్విత్వంలో ఎలాగూ ఒక క్షణం నోరు మూసుకుంటాం కాబట్టి పాఠం చెప్పేవారు ఒత్తి పలికారనే అనిపించింది, మొదటిసారి విన్నప్పుడు అలాగే దాటేశాను. అచ్చు మధ్యలో పడిన చోట మాత్రం దాక్కోలేకపోయింది.

పది నిమిషాలకో గండి. పది నిమిషాలకో ముక్క. గడియారం తేడా అయితే ఆలస్యం నున్నటి వాలులా పెరగాలి. ఇది మెట్లలా పెరుగుతోందేమో చూడాలి.

కొలవడానికి సుద్దముక్క పనికొచ్చింది. పాఠం చెప్పేటప్పుడు ఒక పదాన్ని నొక్కి చెప్పడానికి ఆయన బోర్డు మీద సుద్దతో ఠక్కున పొడుస్తారు. మైకు కాలరుకే ఉంది, బోర్డుకు ముప్పాతిక మీటరు దూరం. శబ్దం ఆ దూరం దాటడానికి రెండు మిల్లీసెకన్లు, వదిలెయ్యొచ్చు. కుదింపు తీసేసిన అసలు ఆడియోను, సరిచేసిన వీడియోను పక్కపక్కన పెట్టుకున్నాను. నలభై ఏడో నిమిషంలో ఒక పోటు. 84,599వ ఫ్రేములో సుద్దకూ బోర్డుకూ మధ్య గోరంత సందు. 84,600లో ఆనింది, చిన్న దుమ్ము. ఆ ఫ్రేము సమయం 2822.820 సెకన్లు. ఆడియో తరంగంలో నిటారుగా లేచిన శిఖరం 2823.12 దగ్గర ఉంది. సుద్ద బోర్డుకు ఆని, వెనక్కి వచ్చి, చెయ్యి సగం దించేశాక శబ్దం. తొమ్మిది ఫ్రేముల ఆలస్యం. ఒక ఫ్రేము 33.37 మిల్లీసెకన్లు కాబట్టి 300.

అలాగే ప్రతి పది నిమిషాల ముక్కలోనూ రెండు మూడు పోట్లు వెతికి కొలిచాను. మొదటి ముక్కలో ఎక్కడ కొలిచినా ఒకటిన్నర ఫ్రేముకు లోపే. రెండో ముక్కలో మూడు ఫ్రేములు. మూడో దానిలో ఐదు, నాలుగో దానిలో ఏడు, ఐదో దానిలో తొమ్మిది, ఆరో దానిలో పదకొండు. ముక్క లోపల ఎటు జరిగినా తేడా కదలదు. ముక్క మారగానే దాదాపు రెండు ఫ్రేములు గెంతుతుంది. మెట్లే. గడియారం మీద నా అనుమానం అన్యాయం.

384ను ఆరుతో భాగిస్తే 64 మిల్లీసెకన్లు. 48,000 శాంపిళ్ల లెక్కన 3,072 శాంపిళ్లు. ఏఏసీ ఒక్కో ప్యాకెట్‌కు 1,024 శాంపిళ్లు తీసుకుంటుంది. అంటే ముక్కకు సరిగ్గా మూడు ప్యాకెట్లు ఎక్కువ. ఇంత గుండ్రంగా వచ్చిన అంకె చూశాక కుర్చీలో వెనక్కి వాలాను.

ఆ మూడు ప్యాకెట్లు ఎందుకున్నాయో తెలియాలంటే ఏఏసీ పనిచేసే తీరు కొంచెం చెప్పుకోవాలి. అది ధ్వనిని శాంపిల్ శాంపిల్‌గా దాచదు. 2,048 శాంపిళ్ల కిటికీ ఒకటి పెట్టి, ఎండీసీటీ అనే రూపాంతరంతో దాన్ని పౌనఃపున్యాలుగా మార్చి, చెవికి అందనివాటిని తక్కువ బిట్లతో రాస్తుంది. కిటికీ మాత్రం 1,024 చొప్పునే ముందుకు జరుగుతుంది. కాబట్టి ప్రతి శాంపిలూ రెండు కిటికీల్లో పడుతుంది. ఒక్క కిటికీని డీకోడ్ చేస్తే వచ్చేది అసలు ధ్వని కాదు, తన ప్రతిబింబంతో కలిసిపోయిన గజిబిజి. పక్క కిటికీ సగం వచ్చి కలిస్తేనే ఆ ప్రతిబింబాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని ధ్వని తేలుతుంది. మొట్టమొదటి శాంపిళ్లకు ముందు కిటికీ ఉండదు కాబట్టి ఎన్‌కోడర్ ముందు కొంత ఖాళీ తగిలిస్తుంది. దీన్ని ప్రైమింగ్ అంటారు. చివర్లో మిగిలిన శాంపిళ్లు ప్యాకెట్ నిండకపోతే సున్నాలతో నింపుతుంది. అది ప్యాడింగ్.

ప్రైమింగ్ ఎంతుండాలో ప్రమాణం శాసించదు. హెచ్.264కైనా ఏఏసీకైనా ప్రమాణం చెప్పేది బిట్లు ఎలా ఉండాలి, డీకోడర్ వాటిని ఎలా చదవాలి అన్నది మాత్రమే. ఎన్‌కోడర్ లోపల ఏం చేసుకుంటుందో దాని ఇష్టం. అందుకే ఒక ఎన్‌కోడర్ 1,024 శాంపిళ్లు తగిలిస్తే ఇంకొకటి 2,112 తగిలిస్తుంది. ఇక్కడ వాడింది రెండో రకం. పది నిమిషాల్లో 2,88,00,000 శాంపిళ్లు. ముందు 2,112 చేరాయి. మొత్తం నిండు ప్యాకెట్లు కావాలంటే వెనక ఇంకో 960 కావాలి. 2,112కు 960 కలిపితే 3,072. నేరస్థులు ఇద్దరూ దొరికారు. పోట్లతో కొలిచిన మెట్లు కూడా దీనికి సరిపోతాయి: మొదటి ముక్కకు ప్రైమింగ్ 44 మిల్లీసెకన్లు, ఆ పైన ముక్కకు 64 చొప్పున 108, 172, 236, 300, 364.

ఈ అదనం ఉండటం తప్పు కాదు. ఎన్‌కోడర్ దాని లెక్క రాసే పెట్టింది. పాత ఫోల్డరు ఒకదానిలో ముక్కల ఎం4ఏ ఫైళ్లు (ఏఏసీ ధ్వని ఉన్న కంటైనర్లు) దొరికాయి. వాటిలో రెండు చోట్ల ఉంది. ఎడిట్ లిస్టులో "మొదటి 2,112 శాంపిళ్లు వినిపించకు" అని, ముందూ వెనకా ఎంత వదిలెయ్యాలో చెప్పే గ్యాప్‌లెస్ ట్యాగులో హెక్సాడెసిమల్‌లో (పదహారు అంకెల లెక్కలో) 840 అని, దాని పక్కనే 3సీ0 అని. మన లెక్కలో 2,112, 960. ముక్కల్ని విడివిడిగా ప్లే చేస్తే ఏ గండీ లేదు, శాంపిల్‌తో సహా సరిగ్గా పది నిమిషాలు.

మరి అతికించేటప్పుడు ఏం జరిగింది? వీడియోకి జరిగిందే. స్క్రిప్టు ఒక్కో ఎం4ఏని ఏడీటీఎస్ ప్రవాహంగా విప్పింది. ఏడీటీఎస్‌లో ప్రతి ప్యాకెట్‌కూ చిన్న తల ఉంటుంది. అందులో శాంపిల్ రేటు, ఛానెళ్లు, ప్యాకెట్ పొడవు రాసి ఉంటాయి. "ముందు ఇంత వదిలెయ్" అని రాసుకోవడానికి జాగానే లేదు. తోకముడి వేసేటప్పుడు ఆరు ముక్కల ప్రైమింగూ ప్యాడింగూ ధ్వనిలో భాగమైపోయాయి. రెండు వేర్వేరు తప్పులని నేను అనుకున్నవి ఒక్కటే. కంటైనర్ అంటే సరుకు మోసే అట్టపెట్టె, విప్పి పారేసినా సరుకు ఉంటుంది అనుకున్నారు. ఫ్రేములూ ప్యాకెట్లూ లోపలున్నాయి నిజమే, వాటి కాలం మాత్రం పెట్టె మీద రాసి ఉంది.

రెండు సెకన్ల అతుకు మధ్యలో అంత చక్కగా ఎందుకు కుదిరిందో ఇప్పుడు లెక్క వేసి చూశాను. ముప్పయ్యో నిమిషానికి బొమ్మ 1.8 సెకన్లు ముందుకు జరిగి ఉంటుంది. రెండు సెకన్లు వెనక్కి తోస్తే నికరంగా 200 మిల్లీసెకన్లు వెనక. నాలుగో ముక్క మొదట్లో మాట 236 వెనక. తేడా 36. టీవీ ప్రసారాల కోసం అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ఇచ్చిన బీటీ.1359 సిఫారసు ప్రకారం మాట 45 మిల్లీసెకన్లు ముందొచ్చినా, 125 వెనకొచ్చినా జనం గుర్తుపట్టడం మొదలుపెడతారు. 36 ఎవరికీ కనబడదు. ముందుకూ వెనక్కూ ఇంత తేడా ఎందుకంటే, దూరంగా ఉన్నవాటి శబ్దం ఆలస్యంగా చేరడం పుట్టినప్పటి నుంచీ మనకు అలవాటు. పది మీటర్ల అవతల చప్పట్లు కొడితే 29 మిల్లీసెకన్లు ఆలస్యమే. కొట్టకముందే వినబడటం ప్రకృతిలో లేదు.

అదే లెక్కన నా మొదటి వైద్యం, ఆడియో కుదించడం, పరీక్ష పాసయ్యేది కూడా. మెట్ల మీదుగా వాలు గీస్తే మిగిలే తేడా 44 వెనక నుంచి 20 ముందు మధ్యే ఊగుతుంది. ఎవరూ పట్టుకోలేరు. గండ్లు మాత్రం అలాగే ఉండిపోయేవి, పైగా గంట ధ్వనినీ అనవసరంగా గెలికినట్టయ్యేది.

సరిచేయడం దగ్గర వీడియోకి ఆలోచించాల్సింది లేదు. ఆడియోకి ఉంది. 63లో 41 ఉపన్యాసాలకు అసలు పీసీఎం వేవ్ ఫైళ్లు మిగిలి ఉన్నాయి. వాటిని ముందు అతికించి, తర్వాత ఒకేసారి ఏఏసీ చేశాను. గంటకు ఒకే ప్రైమింగు, దాని లెక్క ఎడిట్ లిస్టులో. అంతే. మిగిలిన 22కు ఎం4ఏ ముక్కలే దిక్కు.

వాటిని మళ్లీ ఎన్‌కోడ్ చెయ్యకుండా గట్టెక్కాలని ప్రయత్నించాను. ప్రతి అతుకు దగ్గరా మూడు ప్యాకెట్లు పీకేస్తే చాలు కదా: వెనకటి ముక్క చివరిది ఒకటి, ముందరి ముక్క మొదటివి రెండు. లెక్క సరిపోయింది, మెట్లు పోయాయి. కానీ అతుకు దగ్గర ఇటు కిటికీ సగం, అటు వేరే ఎన్‌కోడింగు కిటికీ సగం కలుస్తాయి. ప్రతిబింబాలు కొట్టేసుకోవు. ఒక్క ప్యాకెట్ మేర, అంటే 21 మిల్లీసెకన్లు, ధ్వని చెదురుతుంది. ఒక ఉపన్యాసంలోని ఐదు అతుకులూ విన్నాను. మూడు చోట్ల ఆయన ఊపిరి పీల్చుకుంటున్నారు, ఏమీ తెలియలేదు. రెండు చోట్ల మాట మధ్యలో "టిక్" అంది. స్పీకర్లో వినబడదు, హెడ్‌ఫోన్‌లో వినబడుతుంది. పాఠాలు వినేవారు హెడ్‌ఫోన్‌లోనే వింటారు. ఆ దారి వదిలేశాను.

చివరికి చేసింది: ప్రతి ముక్కనూ డీకోడ్ చేసి, ట్యాగు చెప్పినట్టు ముందు 2,112, వెనక ఎంత ఉంటే అంత కోసి, పీసీఎంగా అతికించి, ముందున్న దానికన్నా ఎక్కువ బిట్‌రేటుతో ఒకసారి ఎన్‌కోడ్ చెయ్యడం. రెండుసార్లు కుదించిన ధ్వనికి నష్టం ఉంటుంది, కాదనను. కానీ ఒక్క గొంతు, సంగీతం లేదు, బిట్‌రేటుకు కొరత లేదు. ముందుదీ తర్వాతదీ కళ్లు మూసుకుని మార్చి మార్చి విన్నాను, ఏది ఏదో చెప్పలేకపోయాను. "వెనక ఎంత ఉంటే అంత" అన్నది గమనించండి. చాలా ఉపన్యాసాల్లో ఆఖరి ముక్క సరిగ్గా పది నిమిషాలు ఉండదు, కాబట్టి ప్యాడింగు 960 కాదు. స్క్రిప్టులో 960 అని రాసేసి ఉంటే ఆ 30 లాంటి తప్పు ఇంకొకటి పుట్టేది.

మొత్తం మీద నడిపే ముందు కొత్త స్క్రిప్టుకు కృత్రిమ పరీక్ష ఒకటి పెట్టాను. నల్లటి తెర. ప్రతి ముప్పయ్యో ఫ్రేము తెల్లగా మెరుస్తుంది, అదే క్షణంలో చిన్న బీప్. సెకనుకోసారి పెట్టలేదు, ఎందుకంటే ఈ రేటులో ఫ్రేముల అంచులు సెకన్ల మీద పడవు. ఒక ఫ్రేముకు 1601.6 శాంపిళ్లు, భిన్నం. ఐదు ఫ్రేములకు 8,008, పూర్ణాంకం. ముప్పయ్యికి 48,048. ఆ అంతరంలో బీప్ పెడితే మెరుపుతో శాంపిల్‌కు శాంపిల్ కుదురుతుంది. పది నిమిషాల ముక్కలుగా కోసి, అతికించి, చివరి ఎంపీ4ను డీకోడ్ చేసి మెరుపులకూ బీపులకూ దూరం కొలిచాను. గంట పొడవునా ఒక మిల్లీసెకను దాటలేదు. తర్వాత నలభై ఏడో నిమిషం సుద్దపోటు మళ్లీ చూశాను. 84,600వ ఫ్రేము, దుమ్ము, ఠక్.

అన్నీ నడిపేముందు 63 పాత ఫైళ్ల ట్రాకుల నిడివినీ, వీయూఐ రేటునూ ఒక పట్టికలో దించాను. 61 ఫైళ్లలో తేడా నిడివికి తగ్గట్టు నాలుగు సెకన్ల చుట్టుపక్కల ఉంది. రెండింట్లో మాత్రం అర సెకను కూడా లేదు, 384 మిల్లీసెకన్లే. వాటి వీయూఐలో 1001 లేదు. ఆ రెండు రోజులూ యంత్రం వేరే అమరికలో నడిచింది, రేటు నిఖార్సైన 30. అందరికీ వేసిన మందు వాటికీ వేసి ఉంటే ఇంతవరకూ లేని 3.6 సెకన్ల జబ్బు నేనే అంటించినవాణ్ణి అయ్యేవాణ్ణి. వాటికి రెండు సెకన్ల అతుకూ మెట్లూ మాత్రం తీసి, రేటును ముట్టుకోకుండా వదిలాను. పాత స్క్రిప్టులో రాసిన 30 ఆ రెండింటి వరకూ నిజమే.